ఎడం చెవి

పులియంతోపు కార్పొరేషన్ బడిలో
తెలుగు మీడియం మూసేసి పదకొండేళ్లు.
సుద్దముక్క పట్టిన వేళ్లు ఇప్పుడు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాయి.
సిస్టర్ ఫిలోమినా ఫోను చేసింది:
"టీచరమ్మా, తెలుగు చదివేవాళ్లు
ఈ చుట్టుపక్కల ఇంకెవరూ దొరకలేదు.
ఒక్క చీటీ. ఆటో డబ్బులిప్పిస్తాం."

చీటీ కంటే ముందు ఆమెను చూశాను.
పేరు మెరెటె. డెన్మార్కులో ఏదో రేవు ఊరు.
రంగు మా వీధి రంగే.
కూర్చోవడమే ఎక్కడిదో, వీపు కుర్చీని నమ్మనట్టు.
నన్ను కుడి పక్కకి రమ్మని స్టూలు జరిపింది.
మర్యాద అనుకున్నాను.

మూడేళ్లు అరవం నేర్చుకుందట,
రాత్రిపూట, డబ్బు కట్టి.
పుట్టింది మద్రాసు అని కాగితం అంటే
మద్రాసంటే అరవమేగా అనుకుంది.
ఎప్పటికైనా ఒకామె ముందు నిలబడి అనడానికి
"నాన్ ఉంగ పొణ్ణు"
ఆ ఒక్క మాటా అరగదీసి దాచుకుంది.
రిజిస్టరు మొన్ననే తెరిచారు. ఎనభై మూడు, ఆడి నెల.
తల్లి పేరు దగ్గర గీత.
గీత పేరు కాదు, వట్టి అడ్డగీత.
దాని కింద, మాతృభాష: తెలుంగు.

చిన్నప్పటి క్లాసు ఫొటోల గురించి చెప్పింది.
ఆమె కోసం వెలుగు పెంచితే
మిగతా పిల్లలు సున్నం గోడయ్యేవారు.
వాళ్ల కోసం తగ్గిస్తే
ఆమె చోట పళ్లు మాత్రం మిగిలేవి.
నిన్న సెంట్రల్ స్టేషన్లో గంటసేపు ఊరికే నిలబడిందట.
ఒక్కరూ రెండోసారి చూడలేదని
ఎంత సంబరమో.
తర్వాత నీళ్ల సీసా కోసం నోరు తెరిచింది.
మాట్లాడింది ఎవరా అని
షాపువాడు ఆమె వెనక వెతికాడు.

చీటీ తెచ్చారు. రూళ్ల కాగితం, సగం చింపింది.
"బిడ్డకి ఎడం చెవి కారతాది.
పాలు పట్టేటప్పుడు ఆ పక్కకి పండబెట్టబాకండి.
గుడ్డ వత్తి పెడితే ఊరుకుంటాది."
అంతే.
దేవుడు లేడు. క్షమించమని లేదు. పేరు లేదు.

ఇంగ్లీషులో చెప్పాను. చెవి వచ్చింది, పాలు వచ్చాయి.
"బాకండి"లో ఉన్న బతిమాలడం
ఎంత లాగినా రాలేదు.
ఆమె చెయ్యి దానంతటదే ఎడం చెవి మీదికి పోయింది.
అది వినపడదట, ఊహ తెలిసినప్పటి నుంచి.
ఎప్పటి నుంచి అని అడిగిన ప్రతి ఆసుపత్రిలో
తెలియదు అని రాసి వచ్చిందట.
"అయితే ఒకరికి తెలుసు," అంది.

నేను చెప్పనిది ఒకటుంది.
ఆ తలకట్టు.
కుడికి లాగి, కొసన చిన్న కొక్కెం.
ఈ వీధుల్లో తలకట్టుకి కొక్కెం పెట్టించింది నేనొక్కదాన్నే,
ఇన్‌స్పెక్టరు తిట్టినా మానలేదు.
డెబ్బై ఆరు. ఏడో తరగతి. ముప్పై నలుగురు ఆడపిల్లలు.
రాసింది తల్లేనో,
ఆమె బతిమాలితే రాసిపెట్టిన పక్కింటి పిల్లో.
ఉన్నవాళ్లకి ఇళ్లున్నాయి.
ఈ సంగతి తెలియని కొడుకులున్నారు.

తిరుగు ఆటోలో ఆమెకి ఎడం పక్క నేను.
బేసిన్ బ్రిడ్జి మీద లారీల వరస కదలదు.
హాజరు పట్టీ నాకింకా నోటికొచ్చు.
మెల్లగా పిలిచాను, ఆ చెవిలోకే.
చెంగమ్మ. పెంచలమ్మ. మణెమ్మ.
మార్తమ్మ. సుగుణమ్మ.
పన్నెండో పేరు దగ్గర నోరు ఆగింది.

ఇటు తిరిగింది. ఏమైనా అన్నారా?
ఎండ, అన్నాను.

తలూపి, ఒళ్లోని జిరాక్సు మీద వంగింది.
కొక్కేన్ని వేలితో దిద్దుతోంది,
కుడి నుంచి ఎడమకి, తప్పుగా.
నేను దిద్దలేదు.