ఉప్పు తిన్న టేంకీ

మాకూ సముద్రానికీ మద్దిన
నాలుగు సరుగుడు సెట్లు, ఒక ఇసక దిబ్బ.
గాలికి అదేటి అడ్డు?
రేత్రంతా ఒచ్చి నాకి ఎల్లిపోతాది.
తెల్లారి సూస్తే
టేంకీ మూత సుట్టూ ఎర్ర పొక్కులు,
అమ్మోరు పోసిన పిల్ల మొకంలాగ.

మావోడు ఈరావల్ ఎల్లి ఇది మూడో నెల.
కలాసీ పని. బోటెక్కితే
ఇరవై రోజులకి గాని ఒడ్డు నేదు.
ఎల్లీముందు ఒకటే మాట:
"బండి ముట్టకు. గోనె కప్పి ఒగ్గీ."
కప్పినాను.
గోనె కిందకి కూడా ఉప్పుకి దారి తెలుసు.

అయినా, నాను ముట్టకపోతే
సేపల తట్ట గార ఎలాగెల్తాది?
ఆటోవోడికి నీసు వాసన పడదు,
నా డబ్బు వాసన పడతాది.
సరుగుడు తోటలో రెండుసార్లు పడి
మూడోసారికి గేరు దొరికించుకున్నాను.

మెకానిక్కు గన్నెయ్య టేంకీని ఏలితో కొట్టి
"రంగుకి పద్దెనిమిదొందలు" అన్నాడు.
పద్దెనిమిదొందలంటే ఎన్ని తట్టల కవల్లో
లెక్కెట్టుకుంటానే బండి ఎనక్కి తిప్పినాను.

సీటు ఇప్పినాను. ఒక బోల్టు, ఒక పైపు.
ఇంత బింకం ఒక్క బోల్టు మీదేనా కూకుంది!
పెట్రోలు కేనులోకి వంపీసి
సాపిన కాల్ల మీద బోర్లా ఏసుకున్నాను,
పసిగుంటకి నీల్లు పోసినట్టు.

ఎనబై నెంబరు గరుకు కాయితం.
రుద్దినకొద్దీ నలుపు పోయింది.
నలుపు కింద మెరూను.
మెరూను కింద, లప్పం పక్క నుంచి
తెల్లగా అచ్చరాలు.
నాకొచ్చిన ఐదో తరగతి సదువు
కూడబలుక్కుంది:
నాగమణి.

సెయ్యి ఆగిపోయింది.
మావోడు బండి కొన్నది పలాసలో, మూడో సేతి మీద.
ఈ నాగమణి ఎవులో.
మొదటోడి పెల్లామో, సచ్చిపోయిన కూతురో,
అదీ కాకపోతే ఫైనాన్సు కంపినీ పేరో.
తెలిసే నలుపు కొట్టించినాడా మావోడు?
తెలీకనా?
ఎండ నెత్తి మీదికి ఒచ్చీవరకు
ఆ పేరు పక్కన కూకున్నాను.
తల్లీ, ఏటనుకోకు అని
సివరి నుంచి మొదలెట్టినాను.
ణి పోయింది.
మ పోయింది.
గ పోయింది.
"నా" ఒక్కటి మిగిలింది.

దాన్ని రుద్దనేదు.

ఇనుము బయటపడితే ఇక్కడ ఆగడానికి నేదు,
గంట తిరిగీసరికి మల్లీ ఎరుపెక్కుతాది.
దాని మీదే బూడిద రంగు ప్రైమరు కొట్టీసినాను.
మరి పై రంగు?
తెప్పకి పూయగా మిగిలిన నీలం
డబ్బా అడుగున మీగడ కట్టీసుంది.
మీగడ తీసి, టర్పెంటు కలిపి, మూడు పూతలు.
మూడో పూత తడి మీద
దోమొకటి వాలి ఉండిపోయింది.
తీస్తే మచ్చ పడతాదని ఒగ్గీసినాను.

పది రోజులు ఆరనిచ్చి బంకుకి ఎల్లినాను.
అక్కడి గుంటడు ఒక సేత్తో ఫోను సూసుకుంటా
ఇంకో సేత్తో పెట్రోలు కొట్టినాడు.
నిండిపోయి, పొంగి, జారింది.
కొంగుతో తుడిసినాను.
కొంగంతా నీలం.
టేంకీ మీద జానెడు బూడిద సార.
తెప్ప రంగు ఏడు సముద్రాలకి ఓరుస్తాది,
గ్లాసుడు పెట్రోలుకి ఓర్సదని
నాకెవులు సెప్పినారు?
గుంటడి మీద మాత్రం
తట్టలో మంచు కరిగీదాక అరిసినాను.

ఆదివారం ఫోను సేసినాడు మావోడు.
ఎనక బోటు ఇంజను సప్పుడు.
"బండెలాగుంది?"
"కప్పీసి ఉన్నాది" అన్నాను.
అబద్దమేటి, మూడు పూతలు కప్పినాను కదా.

ఆ సార అలాగే ఉంది. మల్లీ పూయనేదు.
ఇప్పుడా బంకులో
నా బండి మలుపు తిరగడం సూస్తే సాలు,
ఆ గుంటడు
ఫోను జేబులో ఎట్టుకుంటాడు.