దూడ తోలు

లబ్బరు దొర అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు.
పాండిచ్చేరి నుంచి సైదాపురానికి అభ్రకం కొనడానికొచ్చి
చలిజ్వరంతో పోయాడు.
గూడూరు కచేరీ ముందు సామాను వేలం వేశారు:
మడత కుర్చీ, రెండు తుపాకులు, ఖాళీ సీసాలు గంపెడు.
మా తాత చెంగల్రాయుడు, మైకా కంపెనీలో తూకం గుమాస్తా,
రేకు పెట్టె పాడాడు, మూడు రూపాయల పావలాకి.
పెట్టె కోసమే పాడాడు.
అడుగున పుస్తకం ఉందని ఇంటికొచ్చాక తెలిసింది.

వానాకాలం ఉబ్బేది ఆ పుస్తకం.
రోహిణికార్తెలో బిగదీసుకుని
అట్టల్ని పైకి నెట్టేది, నిద్రలో ఊపిరి పీల్చినట్టు.
తాత ప్రతి బొమ్మ మీదా ఒక అభ్రకం రేకు పరిచాడు,
కంపెనీలో అంచులు విరిగినవి,
లెక్కకు రానివి. అలా అనేవాడు ఆయన.

ఒక ఆకుకి ఇటువైపు గుర్రం మీద కుర్రాడు,
ఒళ్లంతా ఇనుము, ముఖం మాత్రం పద్నాలుగేళ్లు.
అదే ఆకుకి అటువైపు కోట కిటికీలో ఒకామె.
ఆమె వేలి నుంచి ఉంగరం జారుతోంది.
నిజం బంగారం. ఇంకా నేలకి తగల్లేదు.
ఆకు తిప్పితే వాడు పోతాడు, ఆమె వస్తుంది.
మళ్లీ తిప్పితే ఆమె పోతుంది.
చిన్నప్పుడు నేను ఎంత వేగంగా తిప్పినా
ఇద్దరూ ఒక్కసారి దొరకలేదు.

చివరి ఆకు మీద పేర్లు.
ఫాదర్ ఇన్నయ్య కళ్లజోడు నుదుటికెత్తి
కూడబలుక్కుని చదివిపెట్టాడు ఒక ఆదివారం సాయంత్రం:
ఇది ఫలానా ఆమెది, దొంగిలిస్తే ఉరి.
కింద, ఆమె పేరు గీకేసి ఇంకెవడో.
వాడి కింద చాకలి పద్దు, ఆరు దుప్పట్లు, నాలుగు చొక్కాలు.
ఆ తర్వాత ఒక సన్యాసి. కిటికీ ఆమె పెదవులు చెరిపింది తనేనని
ఒప్పుకున్నాడో, గొప్ప చెప్పుకున్నాడో
ఫాదర్‌కీ తేలలేదు.
అందరికంటే కింద లబ్బరు దొర తాత.
"నీ పేరూ రాసుకోరాదా చెంగల్రాయుడూ?"
"దొర అడగొస్తే?" అన్నాడు తాత.
దొర పోయి నలభై ఏళ్లు అప్పటికి.

చిల్లకూరులో బొమ్మలాట ఆడి వెళ్తూ
సిందే గోవిందోజీ మా అరుగు మీద ఆగాడు.
ముందు బొమ్మలు చూడలేదాయన. వాసన చూశాడు.
బొటనవేలు ఆనించి,
"కాయితం కాదు సామీ, తోలు.
ఇది వెంట్రుకల వైపు, ఇది మాంసం వైపు.
దూడ. పుట్టి నెల కాలేదు."

లోపల అవ్వ చేతిలో చెంబు ఆగింది.
ప్రతి సరస్వతీపూజకీ ఆమె బొట్టు పెట్టిన పుస్తకం అది.

గోవిందోజీ గమనించలేదు. దీపం తెప్పించి
ఆకుని నిలబెట్టి దాని ముందు పట్టాడు,
తెర వెనక రాముణ్ని పట్టినట్టే.
తోలు తేనెలా వెలిగింది.
గుర్రం కిటికీలోకి వచ్చేసింది.
కుర్రాడి చెయ్యి సరిగ్గా ఉంగరం కింద.
బంగారం మాత్రం వెలుతురుకి నల్లబడింది.
ఎవరం మాట్లాడలేదు. ఆడించడానికి పుల్ల లేదు గనక
ఆయన ఊరికే వేళ్లు కదిలించాడు.

ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదు.
తెల్లారి పశువుల కొట్టంలోంచి వచ్చి
చివరి ఆకు తీసి, పేర్లన్నిటి కింద
పసుపు బొటనవేలు నొక్కింది.
"ఏ తల్లి బిడ్డో" అంది.
ఆమెకి సంతకం రాదు.

తాత పోయాక నాన్న మద్రాసులో అమ్మాడు,
ఎంతకో చెప్పలేదు.
మొన్న మేనకోడలు ఫోన్‌లో చూపించింది,
ఏదో దేశపు మ్యూజియం పట్టిక.
ఆమె, గీకినవాడు, సన్యాసి, దొర తాత, అందరూ ఉన్నారు.
ఆ తర్వాత యాభై ఏళ్లు ఖాళీ.
చివరి ఆకు, అడుగున:
పసుపు మరక, కారణం తెలియదు.

ఉత్తరం రాద్దామని కూర్చుని
చిరునామా రాసి ఆగిపోయాను.
నా దగ్గరున్నది ఒక్క అభ్రకం రేకు,
మూలన గోరంత నీలం అంటుకుని.
లెక్కకు రానిది.