జామీను గడి

బురావో బజారులో, మధ్యాహ్నం ఎండకు
రేకు తలుపు పెనంలా కాలుతున్న వేళ
ఒకడొచ్చాడు.
లారీ ఇరుసు విరిగిందన్నాడు, రెండొందల డాలర్లు కావాలన్నాడు.
చేతిలో కాగితం లేదు. నేనూ అడగలేదు.
మా దుకాణంలో అడిగేది ఒక్కటే:
నీ తాతల్ని చెప్పు.

గూలేద్, వాడి తండ్రి అవాలే, ఆయన తండ్రి సమతర్,
ఆయన తండ్రి హిర్సి...
తడుముకోకుండా, ఒంటెల్ని నీళ్ళకు వదిలినట్టు
ఒకరి వెనక ఒకరిని.
నేను లోలోపల నా వైపు నుంచి ఎక్కుతూ పోయాను,
రెండు వాగులు ఏ గుట్ట దగ్గర విడిపోయాయో వెతుక్కుంటూ.
మూడో తాత దగ్గర కలిస్తే ఇల్లే ఇస్తాం,
ఎనిమిదో తాత దగ్గరైతే అప్పిస్తాం,
పదిహేను దాటితే టీ ఇచ్చి పంపిస్తాం.

ఏడో పేరు దగ్గర వాడు ఆగాడు,
గొంతులో ముల్లు దిగినట్టు.
"వీళ్ళు మా తాతలు కారు. నిన్న రాత్రి
టీ కొట్టు దగ్గర నేర్చుకున్నాను.
ఇంకొకడి తండ్రిని తండ్రీ అనడం
ఆరుసార్ల దాకా నోరు మోసింది. ఇక మొయ్యదు."

అప్పుడు అసలు పేర్లు చెప్పాడు.
నాలుగోది వినగానే నా కలం నిలిచిపోయింది.
ఆ పేరు మా ఇంట్లో గట్టిగా అనం.
ఆ మనిషే మా తాత అన్నను బావి దగ్గర చంపాడు.

పొమ్మందామని నోరు తెరిచాను.
తెర వెనక జొన్నలు చెరుగుతూ మా అమ్మ:
"మీ నాయనమ్మ దహబో ఎవరి కూతురనుకున్నావురా?"

నెత్తుటికి బదులు వంద ఒంటెలు తోలారు.
వందో ఒంటె పక్కన పదిహేనేళ్ళ పిల్ల.
ఒంటెలకు ముద్రలు వేశారు, ఈతలు లెక్కపెట్టారు.
పిల్ల పేరు ఏ వరసలోనూ లేదు.
ఇరవై ఇద్దరు తాతల్ని ఊపిరి తియ్యకుండా చెప్పగలను,
వాళ్ళను కన్నవాళ్ళలో ఒక్కరి పేరూ రాదు.
మా భాషలో వేరుకీ వియ్యానికీ మాట ఒకటే.
రోజూ ఆ మాట అంటూనే ఉన్నాను,
వేరు మట్టి కిందే ఉంటుందని మాత్రం తట్టలేదు.

డబ్బిచ్చాను. వాడు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు,
నా మీద నమ్మకం లేక. న్యాయమే.
ఖాతాలో జామీను గడిలో
ఎప్పుడూ ఒక తాత పేరు రాస్తాం.
ఈసారి దహబో అని రాశాను.
వంకరగా వచ్చింది, చెయ్యికి అలవాటు లేక.

నాలుగు నెలలైంది. డబ్బు రాలేదు.
అటువైపు వానా పడలేదట.
ఖాతా తిరగేసినప్పుడల్లా మా తమ్ముడు నవ్వుతాడు:
"జామీను చచ్చిపోయిన ముసలిది. వసూలు ఎవరి దగ్గర?"
మూడో తాత దగ్గరే కలిసే మా బషీర్
పోయినేడు ఐదు వేలతో ఉడాయించిన సంగతి వాడెత్తడు.
నేనూ ఎత్తను.

దుకాణం కట్టేసే ముందు ఆ పుట తెరుస్తాను.
సిరా పాలిపోతోంది.
ఆ పేరు మీదే మళ్ళీ దిద్దుతాను.
చెయ్యి కొంచెం అలవాటవుతోంది.