మూడో నంబరు

గోడలకి ఇంకా చర్మం రాలేదు.
చెక్క చట్రాల పక్కటెముకల సందుల్లోంచి
ఈ గదిలో నిలబడితే
మూడు గదుల అవతలి కిటికీలో
లీట్రిమ్ వాన కనిపిస్తోంది.

సోమవారం ప్లాస్టరింగ్ వాళ్లొస్తారు.
ఈలోగా ఏ తీగ ఎక్కడికి పోవాలో తేల్చమని
ఫియక్రా నా చేతిలో ఎర్ర పెన్సిలు పెట్టాడు.
"తర్వాత గుర్తొస్తే గోడ కొయ్యాలి, ఊనా."

పదకొండు నెలలుగా కారవాన్‌లోనే కాపురం:
నేను, డారా, పిల్ల, ఎప్పుడూ తడిసే ఉండే కుక్క.
మడత బల్ల మీద ఇంటి ప్లాను,
దాని మీద టీ కప్పు అచ్చు,
సరిగ్గా మెట్లు మొదలయ్యే చోట.

హాల్లో ఒకటి. మెట్ల పైన ఒకటి. పడగ్గదికొకటి.
వంటింట్లో మాత్రం పొగని పసిగట్టేది వద్దు,
వేడిని పసిగట్టేది కావాలి.
నిప్పు లేందే పొగ రాదన్నవాళ్లు
మా డారా రొట్టె కాల్చడం చూసి ఉండరు.
కట్టెల పొయ్యి ఉన్న గదిలో ఇంకొకటి,
రంగూ వాసనా లేని విషగాలి కోసం.
ఒకటి కూస్తే అన్నీ కూయాలి.

"పిల్ల తలుపేసుకుని పడుకుంటుందా?"
ఈ ప్రశ్న నాకు తట్టలేదు.
దానికింకా రెండేళ్లు.
పద్నాలుగో ఏట
దడాలున తలుపేసుకోబోయే ఎవరో అమ్మాయిని
పెన్సిలు మొనతో ఊహించుకుని
ఆమె మంచం పైన సున్నా చుట్టాను.

దొంగ పని డారాది.
చీకటి పడ్డాక టార్చి పట్టుకుని
సొంతింట్లోకి దూరే దారులు లెక్కపెట్టి వచ్చాడు.
నాలుగు, అన్నాడు గర్వంగా,
స్నానాలగది కిటికీలో ఇరుక్కుపోయిన సంగతి కలపకుండా.
నాలుగు చోట్లా అయస్కాంతాలు,
చూరు కింద నీలం దీపంతో సైరన్.

చివర్లో ఒక కాగితం.
అలారం మోగితే ఎవరికి ఫోను చెయ్యాలి?
ఒకటి నాది. రెండు డారాది.
మూడోది, ఐదు నిమిషాల్లో
నడిచి రాగలవాళ్లది.

మా చెల్లెలు గాల్వేలో. డారా అన్న చేపల పడవలో.
ఫైరింజను పట్నం నుంచి రావాలి,
దారికి గొర్రెలు అడ్డం రాకపోతే ఇరవై నిమిషాలు.

మిగిలింది మాలకీ గిల్డే.
కౌన్సిల్‌కి నీలం సిరాతో రెండు పేజీల అభ్యంతరం రాసినవాడు,
మా మేడ కిటికీ తన పెరట్లోకి తొంగిచూస్తుందని.
ఏడు నెలలు ఆగిపోయింది పని.
ఈ దారిలో ఎదురొచ్చిన ప్రతివాళ్లూ
స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరిస్తారు.
అతను ఆ వేలు కూడా ఎత్తడు.

మేడెక్కి ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను.
నిజమే. పెరడు కనిపిస్తోంది:
బట్టల తీగ, బోర్లించిన బకెట్టు,
వరసలు తప్పిన ఉల్లిమడి.
అక్కణ్ణుంచి మా ఇల్లూ అంతే కనిపిస్తుంది కదా.
మాకు నిప్పంటుకుంటే
ముందు చూసేది అతనే.

మేజోళ్లతో తలుపు తీశాడు.
చెప్పింది విన్నాడు, లోపలికి రమ్మనలేదు.
"కరెంటు పోతే?"
"బ్యాటరీ ఉంది."
"ఎన్ని గంటలు?"
నాకు తెలీదు.
అదే నచ్చినట్టుంది, కాగితం లాక్కున్నాడు.

నీలం సిరా. నడుముకి అడ్డగీతున్న ఏళ్లు.
ఆ ఉత్తరం తేదీలో కూడా ఏడు ఇలాగే ఉంది.

అతను రాస్తుంటే పైకి చూశాను.
మసిబారిన కప్పు మీద
గుండ్రంగా ఒక తెల్లటి మచ్చ,
ఏదో ఉండి, లేకుండా పోయిన చోటు.
"అర్ధరాత్రి కీచుకీచుమంటోందని పీకేశా."
"బ్యాటరీ అయిపోతే అంతే."
"తెలుసు," అన్నాడు, తలెత్తకుండా.

వానలో తిరిగొస్తున్నాను.
ఫియక్రాకి ఇంకొకటి ఎక్కువ తెమ్మని చెప్పాలి.
ఆ ఏడు నెలలు మాత్రం
నేనేం మర్చిపోలేదు.