గూడ్సు బండి వెళ్ళేదాకా

జ్ఞానాపురంలో మా మేడ మీద గది
రైలు కట్టకి మరీ దగ్గర.
గురువారం ఆరున్నరకి చాప పరుస్తాను,
అంతకుముందు గుమ్మం రెండుసార్లు తుడుస్తాను.
పోర్టు బొగ్గు ధూళి మూడోసారి కూడా వస్తుంది,
దానికి వాక్యం మీద శ్రద్ధ ఎక్కువ.

ఇవాళ చదివింది పదకొండు వచనాలు.
అందులో ఒక్క మాట దగ్గర
ఆశీర్వాదం గారూ దీవెనమ్మా అరగంట వాదించుకున్నారు,
"కనిపెట్టుట" అంటే ఏమిటని.
రైల్వేలో ఫిట్టరుగా రిటైరైన మనిషి ఆయన,
సిగ్నల్ పడేదాకా ఆగడమే అన్నారు.
కేజీహెచ్‌లో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి ఆవిడ,
రాత్రంతా మంచం పక్కన స్టూలు మీద కూచోవడం అంది.
ఎవరూ ఓడిపోలేదు.
కళ్ళజోడు గుర్తుగా పెట్టి పుస్తకం మూశాను.

ఇక ముగింపు ప్రార్థన.
"ఎవరు చేస్తారు?" అంటే
తొమ్మిది తలలు ఒకేసారి చాప అల్లికని పరీక్షించాయి.
మామూలుగా అది ఆశీర్వాదం గారి పని.
ఆయన దేశాల్ని ఏలేవాళ్ళతో మొదలెట్టి దిగుతూ దిగుతూ
మా వీధి కుళాయి దాకా వస్తారు,
కుళాయి పేరు వినగానే నేను లేచి టీకి స్టవ్ వెలిగిస్తాను.
ఇవాళ ఆయనకి గొంతు పట్టేసింది.
చేయెత్తి తలుపు వైపు చూపించారు.

తలుపు దగ్గర నెహెమ్యా.
రావడం మొదలెట్టి రెండు నెలలు,
తన వంతు వచనం చదవడమే తప్ప మాటన్నది లేదు.
ఒళ్ళో పసుపు హెల్మెట్టు, పక్కన కేరేజీ,
పది గంటలకి హార్బరులో క్రేను ఎక్కాలి.
"నాకు రాదండి" అన్నాడు.
"రావడానికేటుంది నాయనా, అమ్మకి చెప్పినట్టు చెప్పు"
అనేసి దీవెనమ్మ కళ్ళు మూసుకుంది,
ఇంక అతను తప్పించుకోడానికి లేకుండా.

"ప్రభువా" అన్నాడు.
చాలాసేపు అక్కడే ఉండిపోయాడు,
కొత్త ఇంటి గుమ్మంలో
చెప్పులెక్కడ విప్పాలో తెలియనివాడిలా.
"ప్రభువా, నేను..."

అప్పుడొచ్చింది గూడ్సు.
కిటికీ రెక్కలు, గ్లాసులు, క్యాలెండరు మేకు
అన్నీ దానికి వంత.
యాభై ఎనిమిది పెట్టెలు, నాకు లెక్క తెలుసు.
ఆశీర్వాదం గారైతే ఆగుతారు, బండి పోయాక
ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకుంటారు.
నెహెమ్యా ఆగలేదు.

నేను కళ్ళు తెరిచాను. తప్పే.
హెల్మెట్టు రెండు చేతులా పట్టుకుని
నూతిలోకి చెప్పినట్టు దాన్లోకి వంగి చెబుతున్నాడు.
మెడ మీద నరం ఉబ్బింది.
ఒక పేరు మూడుసార్లు అన్నాడనుకుంటాను,
పెదాలు కలిస్తేగానీ పలకని పేరు.
మాలో ఆ పేరుగలవాళ్ళు లేరు.
ఒకచోట నవ్వాడు కూడా.

బొగ్గు పెట్టెలు పోయాయి. గార్డు దీపం పోయింది.
గది మళ్ళీ మా చేతికి వచ్చేసరికి
అతని దగ్గర మిగిలింది ఒక్క మాట.
"ఆమేన్."
"ఆమేన్" అన్నాం అందరం,
ఏమడిగాడో ఎవరమూ కనిపెట్టకుండానే,
కాగితం చదవకుండా సంతకం పెట్టినట్టు.
దీవెనమ్మ మరీ గట్టిగా అంది.

టీ ఆలస్యమైంది. కుళాయి పేరు ఎవరూ ఎత్తలేదు కదా.
"బేగెల్లాలండి" అంటూనే నిలబడి తాగాడు,
గ్లాసు తనే కడిగి బోర్లించాడు.

ఇప్పుడు అర్ధరాత్రి దాటింది.
వంటింటి కిటికీలోంచి హార్బరు వైపు
ఎత్తులో నాలుగు ఎర్ర దీపాలు.
ఒకటి మెల్లగా కదులుతోంది,
అతనిదో, కాదో.
దూరంగా ఇంకో గూడ్సు కూసింది.
స్టూలు లాక్కుని కూచున్నాను.