నెత్తళ్ల అక్షరాలు

అప్పు పుస్తకంలో పేర్లు సన్నబడ్డాయని
ముందు నేనే అన్నాను, నవ్వుతూనే.
మూడేళ్ల కిందటి పేజీలో
నూకరత్నం అప్ప రాసిన "పెదవాల్తేరు టైలరమ్మ, రెండొందలు"
చందువంత వెడల్పు, బల్ల మీద పరిచినట్టు.
ఈ శ్రావణంలో అదే పేరు
వరస మొదట్లో కానగంత,
చివరికొచ్చేసరికి నెత్తళ్లు.
"పుస్తకం కరీదు పెరిగింది గదే, కాయితం ఆదా," అంది.
నమ్మాను.
మా ఇంట్లో పొదుపు పేరు చెబితే ఏదైనా నమ్ముతాం.

వాసన సంగతి అంతకు ముందుదే.
ఫిషింగ్ హార్బర్‌లో బోటు జెట్టీని తాకకముందే
సరుకు ఎన్నాళ్లదో చెప్పే ముక్కు ఆమెది.
ఎంవీపీ కాలనీలో ఒకావిడ
కోనెం ముక్కను తిరిగి తట్టలో పడేసి
"ఇంత కంపు తెలీలేదా నీకు?" అన్నప్పుడు
అప్ప ఆ ముక్కని ఎత్తి ముఖం దగ్గర
చాలాసేపు పెట్టుకుంది,
దూరం నుంచి ఎవరో పిలిస్తే వినడానికి ఆగినట్టు.
కరోనా తినేసిన ముక్కు అనుకున్నాం.
అప్పట్లో అన్నిటికీ అదే జవాబు.

రాత్రిళ్లు మాది ఒకటే చాప.
నిద్రలో వేలం పాడేది, ఎవరితోనో కలబడేది.
నా మోచేతి మీద కమిలిన మచ్చ చూసి
తెల్లారాక తనే అడిగేది, "ఎక్కడ తగిలించుకున్నావే?"
మెలకువలో మాత్రం గొంతు అడుక్కి దిగిపోయింది.
కొనేవాళ్లు వంగి, "ఎంతా? ఎంతా?"
"మీ అప్పకి మా మీద కోపమా?"
కోపం లేదు. నవ్వు కూడా ముఖం దాకా రావడం లేదు.

నాకు తెలిసింది మాత్రం చేయి వల్ల.
జాలారిపేట నుంచి పైకెక్కుతున్నాం, ఆమె ముందు, నేను వెనక.
కుడి చేయి తట్టని పట్టుకుంటే
ఎడమ చేయి ఎప్పుడూ తెడ్డులా ఊగేది.
ఆ వేళ ఊగలేదు.
ఒంటికి అంటించినట్టు, ఎవరిదో చేయి ఆమెతో నడుస్తున్నట్టు.
టీ కొట్టు దగ్గర కూర్చున్నాక
ఒళ్లో ఊరికే ఉన్న ఆ చేతి బొటనవేలు
లేని రొయ్యకి తల తుంచుతోంది, తుంచుతోంది.
గ్లాసు అందుకోగానే ఆగింది.
నేను చూశానని చూసి పైట కింద దాచింది.
"చలేస్తంది," అంది.
విశాఖలో, ఆ ఉక్కలో.

కేజీహెచ్ వరండాలో నడిపించారు, తిప్పి నడిపించారు.
వేళ్లు తాటించమన్నారు. ఊరి పేరు ఐదుసార్లు రాయమన్నారు.
ఐదో విశాఖపట్నం చీమంత.
కుర్ర డాక్టరు తేల్చి చెప్పలేదు:
"పార్కిన్సన్స్ కావచ్చు, ఇంకా చూడాలి. ఎప్పట్నుంచి?"
నేను లెక్కపెట్టడం మొదలెట్టాను, అక్షరాలు, వాసన, చేయి...
అప్ప మధ్యలో అడ్డొచ్చింది, అదే చిన్న గొంతుతో:
"జాకెట్టు హుక్కులకి అరగంట పడతందని
ఏడాది కాడ్నించీ ముందే లెగుస్తన్నానండి."

చీకటితో లేచే ఆ అలికిడి విని
మా అప్పంత కష్టజీవి లేదని
పేటంతా చెప్పుకున్నాను నేను.

ఇప్పుడు చేప వాసన నేను చూస్తాను,
ధర తను చెబుతుంది, నేను అరుస్తాను.
పిల్లలు రాసుకునే పెద్ద గీతల పుస్తకం కొన్నాను.
గీతని తాకేదాకా రాయి అప్పా, అన్నాను.
మొదటి పేరు తాకింది.
రెండోది సగం.
మూడో పేరు దగ్గర ఐసు కరుగుతోందని
ఇద్దరం తట్ట ఎత్తుకున్నాం.