పోటా, పాటా?

ఆఖరి పంటు ఇంకా నర్సాపురం వైపే ఉంది.
సఖినేటిపల్లి రేవులో
ఖాళీ పీతల బుట్టల మీద
ఒక్క ఫోను, నాలుగు తలలు.

మూగ సేనాని వంతెన మీంచి పడిపోయాడు.
ఏడో భాగం అక్కడే ఆపేశారు.

"చచ్చాడు" అంది బేబీ సరోజిని,
"రాణి గాజులు తీసేసింది, చూళ్ళేదా?"
"ఎడం చేతివే తీసింది. అది నాటకం."
ఏసుపాదం ఆ ముక్క మూడుసార్లు చూశాడట.
డ్రాగన్ గుడ్డు ఎవరు దాచారో
ఐసు బండి కుర్రాడికి తెలుసు,
చెప్పడు.

లస్కరు పల్లాలు ఇటు తిరగనైనా లేదు.
తాడు చుడుతూ అడిగాడు:
"పడ్డప్పుడు పోటా, పాటా?"

ఎవరికీ తెలీదు.
నేను వెనక్కి లాగాను.
వంతెన కింద, మసకలో,
నాచు తెప్ప ఒకటి
కోట వైపే కదుల్తోంది.

"పోటే! అయితే సముద్రానికి పోలేదండాయ్,
కోట మెట్లకాడే తగుల్తాడు.
ఊపిరితోనా, ఊరికేనా,
అది కథ రాసినోడి దయ."

పంటు వచ్చింది. ఎక్కాం.
నలుగురం కమ్మీ మీంచి వంగి
నీళ్ళెటు పోతున్నాయో చూస్తున్నాం.

నడి గోదాట్లో సరోజిని అంది,
"అయినా గాజులు తీసేసిందిగా."